కారం చేతులు

యార్డులో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళకి
మొదట నేర్పేది ఒకటే:
ఏడుపొస్తే కళ్ళు ముట్టుకోకు.

తల పైకెత్తి రేకుల కప్పు వంక చూడాలి.
లేదంటే పక్కదాని పైటకొంగు అడగాలి.
పద్నాలుగేళ్ళు నాకు ఆ కొంగు నయోమిది.

ఆదివారం ఇద్దరిదీ ఒకటే చాప.
ఒకటే పాటల పుస్తకం.
ఆమెకి అక్షరాలొచ్చు, నాకు రాగాలొచ్చు.
బల్ల దగ్గర నా ముక్క కంటే ఆమె ముక్క పెద్దదని
కొంగు నోట్లో కుక్కుకుని నవ్విన రోజులూ ఉన్నాయి.

చిట్టీ కట్టమంది ఆమే.
నెలకి రెండు వేలు, పద్దెనిమిది నెలలు.
నా మాట మీద ఇంకో ఏడుగురు కట్టారు.
ఆ ఏడుగురి సంగతి నేనెప్పుడూ చివర్నే చెప్తాను, సిగ్గు.
పోయిన శ్రమల కాలంలో
మట్టల ఆదివారం తెల్లారేసరికి
ఆమె ఇంటికి తాళం.
గుమ్మానికి కట్టిన మట్టలు ఇంకా వాడనే లేదు.

ముప్పై ఆరు వేలు.
ఆయన్ని అమ్మినవాడికి దక్కింది ముప్పయ్యే కదా,
దీనికి ఆరు ఎక్కువే అని
చాలా రాత్రులు లెక్కేసుకున్నాను.
దుద్దులు అమ్మి ఇద్దరికి తీర్చాను.
చెవులు పూడకుండా వేపపుల్లలు పెట్టుకున్నాను.
పాస్టరుగారు క్షమాపణ మీద ప్రసంగిస్తుంటే
ఆ పుల్లలే తిప్పుకుంటూ కూర్చున్నాను,
వినలేదు.

మొన్న టిక్కీలు మోసే శౌరి చెప్పాడు:
"పెద్దాసుపత్రిలో ఉంది మీ నయోమి.
మంచం కూడా దొరకలేదు, కింద చాప మీద. ఎవరూ లేరు."
మీ నయోమి అన్నాడు.
ఆ 'మీ' దగ్గర మండింది నాకు.

వెళ్ళననుకుంటూనే తెల్లవారుజామున
గుప్పెడు బియ్యం ఎక్కువ పోశాను.
వెళ్ళననుకుంటూనే చారులో మిరియాలు తగ్గించాను,
ఆమెకి కడుపులో మంట.
మధ్యాహ్నం సగం కూలి వదులుకుని
చుట్టుగుంటలో షేర్ ఆటో ఎక్కి
ఒళ్ళో క్యారియర్ పెట్టుకుని
ప్రభువుతో తగాదా పెట్టుకున్నాను:

చూడు, నాకు ప్రేమ రాలేదు.
క్షమించానంటే అబద్ధం.
అన్నం మాత్రం తెచ్చాను.
ఇంతే ఉంది. తీసుకుంటావా?

ఆయనేం మాట్లాడలేదు.
ఆ రాత్రి అంతా తెలిసీ
అమ్మబోయేవాడి కాళ్ళు కూడా కడిగాడంటారు.
కడుగుతుంటే ఆయన చేతులు వణికాయో లేదో
ఎవరూ రాయలేదు.
వణికే ఉంటాయి.
ఆ మడమ దగ్గర
ఒక్క క్షణం ఎక్కువ ఆగి ఉంటాడు.

నయోమి సగానికి సగమైంది.
నన్ను చూసి మొహం గోడ వైపు తిప్పుకుంది.
"డబ్బు కోసమా?" అని గోడనే అడిగింది.
"అది కూడా" అన్నాను.

అన్నం కలపబోయి ఆగిపోయాను.
యార్డు నుంచి తిన్నగా వచ్చిన చేతులు,
మూడుసార్లు సబ్బుకి కూడా లొంగని కారం.
పక్క చాప వాళ్ళని చెంచా అడిగి తెచ్చాను.
మూడో చెంచాకి ఏడుపొచ్చింది,
ఆమెకి కాదు, నాకు.
తల పైకెత్తాను.
రేకులు లేవక్కడ. ఆగిపోయిన ఫ్యాను.

అప్పుడు సూది గుచ్చిన చెయ్యి
మెల్లగా లేచి, కొంగు వెతుక్కుని
నా కళ్ళు ఒత్తింది.
ఎప్పటిలాగే ముందు ఎడమ కన్ను.

బాకీ బాకీగానే ఉంది.
ఎందుకు చేశావని నేనడగలేదు, ఆమె చెప్పలేదు.
మిగిలిన ఐదుగురికి ఏం జవాబు చెప్పాలో
ఆ ఆసుపత్రి మెట్ల మీద కూడా తట్టలేదు.

క్యారియర్ మూతలు పెడుతుంటే అంది:
"రేపు చారులో కాస్త ఉప్పు వెయ్యవే."

రేపొస్తానని
నేనెక్కడన్నాను?